రూపాయికి రెండున్నర పైసలు: మాధవరం హాఫ్ మారథాన్ పని డైరీ

2025 డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం ఆదివారం పడింది. ఆ ఉదయం మాజీ సైనికుల సహాయార్థం పశ్చిమ గోదావరి జిల్లా మిలటరీ మాధవరంలో 21.0975 కిలోమీటర్ల పరుగు పెట్టాం. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో యుద్ధానికి 1,110 మందిని పంపిన ఊరు అది. వాళ్ల స్మారక స్తూపమే మాకు మొదలూ తుదీ.

నేను తాడేపల్లిగూడెంలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఈ పనికి దిగిన ఏడుగురిలో పరుగుల గురించి ముందే తెలిసినవారు ఒక్కరూ లేరు. మూడు నెలల్లో ఏది చెడిందో, ఎంత వచ్చిందో, ఏం మార్చామో వరసగా రాస్తున్నాను. ఇంకో ఊరివాళ్లు మొదలుపెడితే మేము పడ్డ గోతుల్లో పడకుండా ఉంటారు.

దశ 1: కాగితం మీదే ఓడిన లెక్క (సెప్టెంబరు 7)

అందరూ చేసినట్టే మేమూ లెక్క వేశాం. 300 మంది, తలకు 500 రూపాయల రుసుము, మొత్తం 1,50,000. ఖర్చులకు అంగళ్లలో ధరలు అడిగి వచ్చాం.

టీ షర్టులు 300, ఒక్కోటి 180: 54,000
పతకాలు 300, ఒక్కోటి 95: 28,500
చిప్‌తో సమయం తీసే ఏర్పాటు: 36,000
షామియానా, మైకు, వేదిక: 16,500
నీళ్లు, అరటిపళ్లు: 8,300
అంబులెన్సు: 3,000
మొత్తం: 1,46,300

మిగిలేది 3,700. అంటే సైనికుల పేరు చెప్పి తీసుకున్న రూపాయిలో సైనికులకు చేరేది రెండున్నర పైసలు. సుబేదారుగా రిటైరైన మా పెదనాన్న కాగితం రెండుసార్లు చదివి, "దీనికన్నా చొక్కాల కొట్టు పెట్టుకోండిరా, కనీసం మా పేరు వాడకుండా ఉంటారు" అన్నారు. ఆయన ఆ మాట నవ్వుతూ అనలేదు.

రెండో చిక్కు అదే సాయంత్రం బయటపడింది. మాది రిజిస్టరైన సంఘం కాదు. రుసుము నా ఫోను నంబరుకు పంపించుకుంటే లక్షన్నర నా సొంత ఖాతాలో పడుతుంది. అది ఎవరి డబ్బో రేపు పన్ను వాళ్లకూ, ఊరివాళ్లకూ జవాబు చెప్పాల్సింది నేనే. అమెరికాలో ఉన్న మా బంధువు ఒకరు డాలర్లు పంపుతామన్నారు. ఆయనది ఇప్పుడు అమెరికా పౌరసత్వం. అలాంటి డబ్బు విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేని మాలాంటి గుంపు పైసా ముట్టుకోకూడదు. వద్దని చెప్పాం. ఆయన కాస్త నొచ్చుకున్నారు.

మార్చిన పద్ధతి ఇది:

1. రుసుము లేదు. పరిగెత్తేవాళ్లు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి నేరుగా, కేంద్రీయ సైనిక్ బోర్డు (మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ) ద్వారా, 300 రూపాయలకు తగ్గకుండా పంపాలి.
2. ఆ రశీదు మాకు చూపిస్తే నంబరు ఇస్తాం. రశీదే ప్రవేశపత్రం.
3. పరుగు ఖర్చు మొత్తం మా ఏడుగురిదే. తలకు 6,000 చొప్పున 42,000. అది దాటకూడదు.
4. టీ షర్టు లేదు, పతకం లేదు, వేదిక లేదు.

ఈ నిధి వితంతువులకూ, వికలాంగులైన మాజీ సైనికులకూ, వాళ్ల పిల్లల చదువులకూ వెళుతుంది. సైనికులందరికీ పింఛను వస్తుంది కదా అని మాలో ముగ్గురు అడిగారు. జవానుకు మామూలుగా పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకు ముందే బయటికి వచ్చినవాళ్లు చాలామందికి ఆ ఆధారం లేదు. విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు ఉందన్న సంగతి కూడా రాసి పెట్టాం. పన్నులో కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు అది దొరకదు, ముందే చెప్పకపోతే తర్వాత మన మీద పడతారు.

ఇప్పటివరకు ఖర్చు 0. రశీదులు 0. చేతిలో 42,000.

దశ 2: దారి కొలత (సెప్టెంబరు 14 నుంచి 28)

స్తూపం నుంచి పడమరగా పదిన్నర కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావడం మొదటి ఆలోచన. ముగ్గురం మూడు ఫోన్లతో ఒకే మోటారు సైకిల్ మీద ఒకే దారిలో తిరిగాం. ఒకటి 20.87 అంది, రెండోది 21.10, మూడోది 21.39. ఒకే బండి, ఒకే దారి, మధ్యలో అర కిలోమీటరుకు పైగా తేడా. చెట్ల కింద ఫోను ఉపగ్రహాల లెక్క అటూ ఇటూ జారుతుంది, ఆ వంకరలన్నీ కలిపి దూరం పెంచి చెబుతుంది. 21.10 అన్న ఫోన్‌ను నమ్మి మొదటి గుర్తు పెట్టాం. తర్వాత సైకిల్‌తో కొలిస్తే అది 20.92 కిలోమీటర్లే, అంటే దాదాపు 180 మీటర్లు తక్కువ. ఆ దారి మీద ఎవరైనా తమ జీవితంలోనే మంచి సమయం సాధించామని మురిసిపోయి ఉంటే ఆ పాపం మాది అయ్యేది.

అంతర్జాతీయంగా రోడ్డు పరుగులకు వాడేది సైకిల్ కొలతే. ముందు చక్రం తిరిగిన లెక్కను, టేపుతో కొలిచిన సరళరేఖతో పోల్చడమే అందులోని కిటుకు. విదేశాల్లో దీనికి జోన్స్ కౌంటరు అనే చిన్న పరికరం వాడతారు. దాన్ని తెప్పించే ఖర్చు చూసి, మా కొట్టులో ఉన్నదానితో పని కానిద్దాం అనుకున్నాను. వైండింగ్ మిషనుకు చుట్లు లెక్కపెట్టే కౌంటరు ఉంటుంది. చక్రం తిరగడమూ చుట్టు పడడమూ నాకు ఒకటే.

మొదట పాత మీట కౌంటరు బిగించాను. గతుకుల్లో మీట దానంతట అదే ఎగిరి లెక్క ఎక్కువ వేసింది: ఒకే కిలోమీటరుకు ఒకసారి 455, ఒకసారి 461, ఇంకోసారి 458. స్ప్రింగు గట్టిది వేశాను. ఈసారి మీట ఎగరడం మానింది గానీ, చక్రానికి అడ్డుపడి సైకిల్ నత్తలా నడిచింది. రెండు ఆదివారాలు దీనికే పోయాయి. చివరికి స్పోకుకు అయస్కాంతం, ఫోర్కుకు సెన్సరు, హ్యాండిల్ మీద డిజిటల్ కౌంటరు పెట్టాక దారికి వచ్చింది. ముందు చక్రానికి 32 స్పోకులు. ఒక చుట్టు సుమారు 2.2 మీటర్లు, కనుక ఒక స్పోకు దూరం దాదాపు ఏడు సెంటీమీటర్లు. పూర్తి చుట్లు కౌంటరు చెబుతుంది, మిగిలిన ముక్కను స్పోకుల్లో లెక్కపెట్టాలి.

సరళరేఖ కోసం తాడేపల్లిగూడెంలోని పాత రన్‌వేకి వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన బాట, ఇప్పుడు ఉదయం నడకకు వచ్చేవాళ్లది. ఇంత చదునుగా, తిన్నగా ఉన్న 300 మీటర్లు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకవు.

వరస ఇది:

1. 30 మీటర్ల స్టీలు టేపు. ఒక చివర స్ప్రింగు కాటా తగిలించి అయిదు కిలోల బిగువుతో లాగాలి. గుడ్డ టేపు, ప్లాస్టిక్ టేపు పనికిరావు, సాగుతాయి.
2. పది నిడివులు, ప్రతి చివరా తెల్లని ప్లాస్టరు మీద సన్నని గీత.
3. టేపు 20 డిగ్రీల వేడికి సరిగ్గా ఉంటుంది. ఆ ఉదయం 28. ఎనిమిది డిగ్రీల వేడికి 300 మీటర్ల మీద ఉక్కు 2.8 సెంటీమీటర్లు సాగుతుంది. చివరి గీతను అంత వెనక్కి జరిపాం.
4. టైర్లలో గాలి గట్టిగా కొట్టి, అదే మనిషి, అదే సంచితో నాలుగుసార్లు తొక్కాలి. మనిషి మారితే బరువు మారుతుంది, చక్రం నొక్కుకుపోవడం మారుతుంది.

నాలుగు సవారీలు: 4354, 4353, 4354, 4355 స్పోకులు. సగటు 4354. కిలోమీటరుకు 14,513.3. దీన్ని 1.001తో హెచ్చించాలి. కొలతలో చిన్న పొరపాటు జరిగినా దారి తగ్గకుండా వెయ్యికి ఒకటి అదనంగా పెట్టడం నియమం. మన పరుగులో అది 21 మీటర్లు. హాఫ్ మారథాన్‌కు మొత్తం 9,578 చుట్లు, అయిదు స్పోకులు.

రోడ్డు మీద తొక్కేటప్పుడు ఎడమ పక్కన బుద్ధిగా పోకూడదు. పరుగెత్తేవాడు ఎంత దగ్గరి దారి తీయగలడో ఆ దారే తొక్కాలి, వంపుల్లో లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో. తెల్లవారుజామున నాలుగున్నరకు, ముందొక బండి, వెనకొక బండి లైట్లతో కాపలా ఉండగా చేశాం. పగలు చేయాలనుకోవద్దు.

తిరిగి వచ్చాక మళ్లీ రన్‌వే మీద నాలుగుసార్లు తొక్కితే సగటు 4347కి పడింది. ఎండ ఎక్కేసరికి టైరులో గాలి ఉబ్బి చక్రం పెద్దదైంది. ఈ రెండో లెక్క వాడితే దారి 34 మీటర్లు తగ్గేది. పెద్ద సంఖ్యనే తీసుకున్నాం.

మలుపు దగ్గర రోడ్డులో వాషరుతో కాంక్రీటు మేకు దిగగొట్టి, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు, దానికీ మేకుకూ దూరం పుస్తకంలో రాసుకున్నాం. ఈ స్తంభం సంగతి తర్వాత వస్తుంది.

టేపు 850, కౌంటరు, సెన్సరు 780, మేకులు, రంగు 390, కొత్త టైరు, ట్యూబు 640.
ఇప్పటివరకు ఖర్చు 2,660.

దశ 3: రశీదులు (అక్టోబరు)

అక్టోబరు 12 నాటికి 62 రశీదులు, 31,400 రూపాయలు. అన్నీ ఉద్యోగస్తులవే.

ఆ వారం రైస్ మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకతను కొట్టుకు వచ్చాడు. రోజూ పరిగెత్తుతాడట, 50 రూపాయలు చేతిలో పెట్టాడు. నగదు తీసుకోకూడదన్నది మా నియమం, 300కు తగ్గకూడదన్నదీ మా నియమమే. అతను వెళ్లిపోయాక పెదనాన్న అడిగారు: "సైన్యంలో చేరింది ఎవరి పిల్లలనుకున్నావు? వాళ్లనే గుమ్మంలో ఆపేశావు." నాకు జవాబు దొరకలేదు. మర్నాడే కనీస మొత్తం తీసేశాం. ఫోనులో డబ్బు పంపడం రానివాళ్ల పక్కన మాలో ఒకరు కూర్చుని, వాళ్ల పేరు మీదే పంపించి రశీదు తీసివ్వాలి. నగదు మాత్రం ఇప్పటికీ వద్దు.

నవంబరు 9 నాటికి 148 రశీదులు, 58,750 రూపాయలు. తర్వాత వచ్చిన 86 రశీదుల సగటు 318కి దిగింది, మొత్తం మాత్రం దాదాపు రెట్టింపు. కనీస మొత్తం తీసేస్తే అందరూ పది రూపాయలు పంపుతారని వాదించినవాణ్ణి నేనే.

ఒక మోసం కూడా దొరికింది. తొమ్మిది రశీదుల మీద లావాదేవీ సంఖ్య ఒకటే. కాలేజీ కుర్రాళ్లు ఒకే బొమ్మను పంచుకున్నారు. పేరూ మొత్తమూ చూసి ఊరుకోకండి, లావాదేవీ సంఖ్యను పట్టికలో ఎక్కించి, అదే సంఖ్య రెండోసారి వస్తే ఎరుపు రంగు పడేలా పెట్టుకోండి. తొమ్మిది మందికీ ఫోను చేశాం. ఏడుగురు సిగ్గుపడి వాళ్ల డబ్బు వాళ్లు పంపారు. ఇద్దరు ఫోను ఎత్తడం మానేశారు.

దశ 4: తుపాను, తర్వాత ధాన్యం (నవంబరు)

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మా తీరంలోనే దాటింది. నవంబరు 2న దారి చూడటానికి వెళ్తే రెండు చోట్ల చెట్లు పడి ఉన్నాయి, ఒక తూము దగ్గర రోడ్డు అంచు కుంగింది. మేకు పెట్టిన చోట గుర్తుగా రాసుకున్న కరెంటు స్తంభం నేల మీద పడుకుని ఉంది. మట్టి కింద మేకు ఎక్కడుందో తెలియలేదు. గాలికి పడిపోయేదాన్ని ఎప్పుడూ ఆనవాలుగా పెట్టుకోకండి. తూము గోడ, బడి ప్రహరీ మూల లాంటివి రెండు ఎంచుకుని, రెండింటి నుంచీ దూరాలు రాసుకోవాలి.

నవంబరు 16న 22 మందితో ముగింపు గీత దగ్గర మాత్రం రిహార్సల్ చేశాం. చిప్‌లు లేవు కనుక పాత పద్ధతి: ఛాతీ నంబరు కింద చింపే తోక ఉంటుంది, వచ్చిన వరసలో చింపి తీగకు గుచ్చాలి. ఇంకొకరు అదే వరసలో సమయాలు నొక్కాలి. 22 సమయాలు వచ్చాయి, తోకలు 21. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకడు పక్కనుంచి జారుకున్నాడు. మార్పులు:

1. గీత తర్వాత తాళ్లతో 15 మీటర్ల ఇరుకు సందు. ఒకరి వెనక ఒకరు తప్ప పోవడానికి వీల్లేదు.
2. తోకలు చింపేది సందు చివర, గీత దగ్గర కాదు.
3. సమయం నొక్కేవాళ్లు ఇద్దరు, విడివిడిగా.
4. మొత్తాన్ని ఒక ఫోను ఆపకుండా వీడియో తీయాలి.

నవంబరు 23న అసలు దెబ్బ తగిలింది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు మొదలయ్యాయి. పడమర దారి చివర 1.4 కిలోమీటర్ల పొడవున రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోశారు. డిసెంబరు మొదటి వారంలో గోదావరి జిల్లాలో రోడ్డు మీద ధాన్యం ఉంటుందని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి, సెప్టెంబరులో దారి గీసేటప్పుడు ఆ ఊసే తట్టలేదు.

మాలో ఒకరు, ఆ ఒక్క పూట రాశులు పక్కకు జరపమని రైతులను అడుగుదాం అన్నారు. తేమ 17 శాతానికి దిగితే తప్ప కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. తుపానుకు తడిసిన గింజ. బరకాలు కప్పుకుని రాత్రంతా కాపలా పడుకుంటున్నారు వాళ్లు. అడగలేదు. దారినే మార్చాం.

స్తూపం దగ్గర మొదలై ముందు తూర్పుగా 1.43 కిలోమీటర్లు వెళ్లి తిరిగి స్తూపానికి వస్తారు. తర్వాత పడమరగా 9.12 కిలోమీటర్లు వెళ్లి వెనక్కి. ధాన్యం మొదలయ్యే చోటుకు కాస్త ముందే మలుపు. నవంబరు 30న సైకిల్, టేపు, రన్‌వే, అంతా మొదటి నుంచి మళ్లీ చేశాం. సెప్టెంబరులో చలి లేదు, ఇప్పుడు ఉంది. ఆ ఉదయం సగటు 4361. పాత సంఖ్య వాడి ఉంటే కిలోమీటరుకు మీటరున్నర పైగా తేడా పడేది.

నవంబరు 30 నాటికి నంబర్లు తీసుకున్నవాళ్లు 231 మంది, రశీదుల మొత్తం 84,320.
నంబరు కాగితాలు 3,000, పిన్నీసులు 400. ఇప్పటివరకు ఖర్చు 6,060.

దశ 5: నీళ్లు, మనుషులు (డిసెంబరు 1 నుంచి 6)

నాలుగు బల్లలు: స్తూపం, పడమరన 2.9 కిలోమీటర్లు, 6 కిలోమీటర్లు, మలుపు. లెక్క: 231 మంది, ఆరుసార్లు, ఒక్కోసారి 150 మిల్లీలీటర్లు, మొత్తం 208 లీటర్లు. నెత్తిన పోసుకునేది కలిపి రెట్టింపు అనుకుని 20 లీటర్ల డబ్బాలు 24 తెచ్చాం, బల్లకు ఆరు. ఈ చివరి ముక్కలో తప్పుంది. ఆ రాత్రి నాకు కనబడలేదు, మీరు కనిపెట్టి ఉంటారు.

ప్లాస్టిక్ గ్లాసులు పొలాల్లోకి ఎగిరిపోతాయి కనుక షామియానా షాపులో 300 స్టీలు గ్లాసులు అద్దెకు తీసుకున్నాం. రెండు బల్లల మీద ఓఆర్‌ఎస్. ఒక పొట్లం 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు ఒకటే. రిహార్సల్ రోజున ఒక కుర్రాడు "బలంగా ఉంటుంది" అని లీటరుకు మూడు వేశాడు. చిక్కగా తాగితే వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత 20 లీటర్ల డబ్బాల మీదే పెద్ద అక్షరాలతో '20 పొట్లాలు' అని రాయించాం. నిదానంగా పరిగెత్తేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా కడుపు నిండా ఉత్త నీళ్లు తాగడమూ ప్రమాదమే, ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. 'దాహమైతేనే తాగండి' అని నంబరు కాగితం వెనక అచ్చు వేశాం.

మాజీ సైనికులను ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పాలని మా ఊహ. పెదనాన్న ఒప్పుకోలేదు. "మాకు పని చెప్పు, శాలువా కప్పకు" అన్నారు. పదహారు మంది మాజీ సైనికులు దారి కాపలా తీసుకున్నారు. మేము గీసిన కూడళ్ల పటం చూసి అందులో రెండు చోట్ల మనిషే లేడని పది నిమిషాల్లో చూపించారు. ప్రతి ఒక్కరికీ రాతపూర్వకంగా తన చోటు, తన పని, తనకు ఎడమ కుడి ఉన్నవారి ఫోను నంబరు ఇచ్చారు. విడుపు వచ్చేదాకా చోటు వదలకూడదు, టీ కూడా అక్కడికే రావాలి. పోలీసులకూ పంచాయతీకీ ఈ పటమే ఇచ్చాం, మారుమాట లేకుండా అనుమతి వచ్చింది.

మొదలుపెట్టే సమయం 5:30 నుంచి 6:15కి మార్చాం. ఆ రోజుల్లో సూర్యుడు 6:20 దాటాక గానీ రాడు, మంచులో ధాన్యం ట్రాక్టర్లకు మనిషి కనపడడు.

పెదనాన్న అడిగిన రెండో పని మా పథకంలో లేనిది. పింఛను తీసుకునే వితంతువులు ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. రక్షణ శాఖ పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాక, ఒకప్పుడు బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టి వచ్చిన ముసలివాళ్లకు అది కొరుకుడు పడటం లేదు. స్తూపం పక్కన ఒక బల్ల, ఇద్దరు కుర్రాళ్లు, ముఖం చూసి ధ్రువీకరించే జీవన్ ప్రమాణ్ ఉన్న ఫోన్లు పెట్టమన్నారు. పెట్టాం.

గ్లాసుల అద్దె 600, నీళ్లు 480, ఓఆర్‌ఎస్ 110 పొట్లాలు 2,420, అరటిపళ్లు 1,920, అంబులెన్సు, వైద్య సిబ్బంది 6,500 (మొదట అడిగిన 3,000 ఒట్టి బండికట), మెరిసే జాకెట్లు 2,160, టార్చిలైట్లు 1,200, షామియానా, మైకు 4,500, కిలోమీటరు బోర్డులు 2,730.
ఇప్పటివరకు ఖర్చు 28,570.

దశ 6: పరుగు రోజు (డిసెంబరు 7)

4:40. పడమర మలుపు దగ్గర గుర్తుగా పెట్టిన ట్రాఫిక్ కోన్ ఆరు మీటర్లు జరిగి ఉంది, రాత్రి ఏదో ట్రాక్టరు కోసం తీసి పక్కన పెట్టారు. వెళ్లి రావడం కనుక ఆరు కాస్తా పన్నెండు అవుతుంది. మేకు మాత్రం ఉన్న చోటే ఉంది, రెండు నిమిషాల్లో సరిచేశాం.

6:17. రెండు నిమిషాల ఆలస్యంతో 204 మంది కదిలారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి తెచ్చిన ఎరుపు, ముదురు నీలం, లేత నీలం జెండాలు అందరి చొక్కాలకూ పిన్నీసులతో ఉన్నాయి. హమాలీ నంబరు 63.

8:05. 2.9 కిలోమీటర్ల బల్ల నుంచి ఫోను: నీళ్లు అయిపోవస్తున్నాయి. 8:20కి పూర్తిగా ఖాళీ. ఆ బల్ల దగ్గరికి జనం రెండుసార్లు వస్తారు, వెళ్లేటప్పుడూ ఎండెక్కాక వచ్చేటప్పుడూ. స్తూపం దగ్గరికీ మలుపు దగ్గరికీ ఒక్కసారే. నాలుగింటికీ సమానంగా పంచిన మేధావిని నేను. స్తూపం దగ్గర నాలుగు డబ్బాలు మూత తీయకుండా ఉన్నాయి. వాటిని మోటారు సైకిళ్ల మీద తీసుకెళ్లేలోపు పన్నెండు నిమిషాలు నీళ్లు లేవు. సరైన పంపకం 3, 9, 8, 4.

గీత దాటగానే జనం ఉన్నపళాన ఆగిపోయారు. ఒకతను కళ్లు తిరిగి పడ్డాడు. కాళ్లు ఎత్తి పడుకోబెడితే నాలుగు నిమిషాల్లో తేరుకున్నాడు. అప్పటి నుంచి ఒక మాజీ హవల్దారు సందు చివర నిలబడి "ఆగొద్దు, నడవండి, అరటిపండు యాభై మీటర్ల అవతల ఉంది" అంటూనే ఉన్నారు. ఇంకెవరూ పడలేదు. అరటిపళ్లు దూరంగా పెట్టడం ఆయన ఆలోచనే.

పూర్తి చేసినవారు 197. తోకలు 197, సమయాలు 198. వీడియో చూస్తే సైకిల్ మీద గీత దాటిన పిల్లవాడొకడు దొరికాడు. చివరి మనిషి 3 గంటల 9 నిమిషాలకు వచ్చారు. హమాలీ 1 గంట 31 నిమిషాలు, నాలుగో స్థానం.

దశ 7: లెక్కలు (డిసెంబరు 14)

రశీదులు 246, పరిగెత్తకుండా పంపినవాళ్లు 15 మంది సహా. నిధికి నేరుగా చేరింది 91,870.
ఖర్చు: పాతది 28,570, సహాయకుల టిఫిన్లు 2,320, పోయిన స్టీలు గ్లాసులు పదకొండు, 45 చొప్పున 495. మొత్తం 31,385.
మా 42,000లో మిగిలింది 10,615.

ధ్రువపత్రాల బల్లకు 17 మంది వచ్చారు. 13 మందికి అక్కడికక్కడే పని అయింది. నలుగురికి ఫోను ముఖాన్ని ఒప్పుకుంది, పేరును ఒప్పుకోలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, భర్త సర్వీసు కాగితాల్లో వెనక ఉంది. ఒకావిడ పేరును ఎక్కడో ఉత్తరాది రెజిమెంటు కార్యాలయంలో తెలుగు రాని గుమస్తా చెవికి తోచినట్టు రాశాడు, ఆ పేరుతో ఆవిడను ఎవరూ ఏనాడూ పిలవలేదు. ఇలాంటివి పరుగు రోజున తేలేవి కావు. వచ్చే ఏడు ఈ బల్లను నవంబరు మొదటి ఆదివారమే పెట్టి, పరుగు నాటికి చిక్కు ఉన్నవాళ్ల జాబితా చేతిలో ఉండేలా చూడాలి.

మిగిలిన డబ్బును నిధికి పంపుదామని అయిదుగురు, వచ్చే ఏటికి ఉంచుదామని ఒకరు. పెదనాన్న మాత్రం ఆటో ఎంత అవుతుందని అడిగారు. మంగళవారం ఆ నలుగురినీ తీసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళుతున్నాం. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, ఆధార్, రెండేసి జిరాక్సులు. ఒకావిడ దగ్గర పింఛను ఉత్తర్వు లేదు, ట్రంకు పెట్టెలో వెతుకుతున్నారు.